ట్రక్కు టైమింగ్ వెనక్కి లాగుతోంది, నాన్న ఐటీ వైపు లాగుతున్నారు

ప్రశ్న: మాది భీమవరం. డెట్రాయిట్ దగ్గర మెకానికల్‌లో ఎంఎస్ చేస్తున్నాను. రూమ్మేట్ పాత పికప్ ట్రక్కుకి ఇద్దరం కలిసి సూపర్‌ఛార్జర్ బిగించాం. మొదటిసారి గట్టిగా తొక్కితే బాగానే లాగుతుంది. రెండు మూడు సార్లయ్యాక కంప్యూటర్ 6, 7 డిగ్రీల టైమింగ్ తగ్గించేస్తోంది. నాక్ సెన్సర్ సున్నితత్వం తగ్గించేస్తే సరిపోతుందని కొందరంటున్నారు. నాన్నేమో ఈ మెకానిక్ పనులు మానేసి డేటా కోర్సు చేయమంటున్నారు. దీనికి ఉద్యోగం ఉంటుందా సర్?

జవాబు: ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ఆ సెన్సర్ జోలికి వెళ్లకండి. నాక్ నిజమైతే, దాని నోరు నొక్కిన రోజే పిస్టన్‌కి చిల్లు పడవచ్చు.

మన దగ్గర ట్రక్కంటే లారీ, లారీ అంటే డీజిల్. దానికి స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి మీ గొడవ నాన్నగారికి వింతగా ఉండటం సహజం. పెట్రోల్ ఇంజిన్‌లో మంట పాకడానికి కొంత సమయం పడుతుంది, అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ వేస్తారు. ఎన్ని డిగ్రీల ముందు వేస్తారో అదే టైమింగ్, క్రాంక్ తిరిగే కోణంలో కొలుస్తారు. సూపర్‌ఛార్జర్ గాలిని కుక్కి పంపుతుంది. కుక్కిన గాలి వేడెక్కి, మంట చేరేలోపే మూలనున్న మిశ్రమం తనంతట తాను అంటుకుంటుంది. అదే నాక్. అందుకే బూస్ట్ (కుక్కిన గాలి పీడనం) పెరిగేకొద్దీ స్పార్క్‌ని ఆలస్యం చేస్తారు. మరీ ఆలస్యం చేస్తే బలం తగ్గి, ఎగ్జాస్ట్ విపరీతంగా వేడెక్కుతుంది.

మీ ఉత్తరంలో అసలు సంగతి ‘మొదటిసారి బాగానే’ అన్న మాటలో ఉంది. అంటే నాకు మొదటి అనుమానం వేడి మీద. కుక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీది నీళ్లతో పనిచేసే రకమైతే దాని పంపు తిరుగుతోందా? పంపు ఆగితే ఒకటి రెండు సార్ల వరకు తెలియదు, ఆ తర్వాత గాలి సలసల కాగుతుంది. రెండోది, గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఎక్కడుందో చూడండి. సూపర్‌ఛార్జర్‌కి ముందే ఉంటే కంప్యూటర్‌కి ఎప్పుడూ చల్లగాలే కనిపిస్తుంది. ముందుగానే మెల్లగా తగ్గించాల్సిన టైమింగ్‌ని, నాక్ వచ్చాక ఒక్కసారిగా లాగుతుంది. ట్యాంకులో 91 ఆక్టేన్ పెట్రోల్ పోసి, నాక్‌ని ఇంకా బాగా తట్టుకునే 93 కోసం రాసిన ట్యూన్ (కంప్యూటర్ సెట్టింగులు) నడుపుతున్నారేమో, అదీ చూసుకోండి.

స్క్రీన్ మీద 14 డిగ్రీలని ఉంటే క్రాంక్ దగ్గర నిజంగా 14 ఉందా? టైమింగ్ లైట్ పట్టి చూడాల్సిందే. కానీ పాత ఇంజిన్లలో డాంపర్ (క్రాంక్ చివరనుండే చక్రం) బయటి రింగు రబ్బరు మీద జారిపోతుంటుంది, అప్పుడు దాని మీదున్న టైమింగ్ గుర్తే అబద్ధం చెబుతుంది. ముందు పిస్టన్ స్టాప్‌తో టీడీసీ (పిస్టన్ పైకి చేరే చివరి స్థానం) సరిచూసుకోండి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్‌ని, ఫ్యాక్టరీ 1 బార్‌దే ఉంచేశారా? దాని కొలత వాతావరణ పీడనం దగ్గరే ఆగిపోతుంది. టైమింగ్‌ని దాన్ని బట్టే లెక్కకట్టే కంప్యూటర్ అయితే బూస్ట్ ఎంతున్నా టైమింగ్ టేబుల్‌లో అదే గడి చదువుతుంది.

ఇక నాక్ సెన్సర్ సంగతి. కౌన్సెలింగ్‌కి రాకముందు నేను ఇంజిన్ టెస్ట్ సెల్‌లో పనిచేశాను. ఒకసారి మూడు రోజులు కూర్చుని టైమింగ్ టేబుల్ దిద్దాం. చివరికి చూస్తే హీట్ షీల్డ్ బోల్టు ఒకటి వదులైంది! నాక్ సెన్సర్‌కి తెలిసింది మోత మాత్రమే, అది నాకో కాదో తేల్చాల్సింది మనం. టైమింగ్ 4 డిగ్రీలు తగ్గించి మళ్లీ నడపండి. మోత పోతే నిజమైన నాక్ అయ్యే అవకాశం ఎక్కువ. అదే ఆర్‌పీఎం దగ్గర అంతే మోత ఉంటే బ్రాకెట్లు, షీల్డులు, చట్రానికి తగులుతున్న ఎగ్జాస్ట్ పైపు వెతకండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ప్రతిసారీ లాగ్ (కంప్యూటర్ నమోదు చేసిన కొలతలు) తీసి రాసుకోండి.

ఇలా మార్చి, కొలిచి, రాసుకునే పని చేసేవారికే క్యాలిబ్రేషన్ ఇంజినీర్ అని పేరు. కాబట్టి ఉద్యోగం ఉంది. ఫోర్డ్, జీఎం మీ పక్కనే ఉన్నాయి, ఏవీఎల్, ఎఫ్ఈవీ లాంటి ఇంజిన్ అభివృద్ధి సంస్థలకూ మిషిగన్‌లో కేంద్రాలున్నాయి. ఇంటికి తిరిగొచ్చినా పుణె, బెంగళూరు, చెన్నైలలో ఈ పని దొరుకుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఉద్గారాల క్యాలిబ్రేషన్ మన దగ్గరా పెద్ద పనే. ఉద్యోగానికి సెలెక్ట్ కాకముందే ఈ పనిలో వాడే ‘ఇంకా’ (INCA), క్యానేప్, సిమ్యులింక్ సాఫ్ట్‌వేర్లతో పరిచయం పెంచుకోండి. ఇంటర్వ్యూలో మీ మార్కుల కంటే ఈ ట్రక్కు నోట్‌బుక్ గురించే ఎక్కువ అడిగితే ఆశ్చర్యపోను.

అయితే పెట్రోల్ ఇంజిన్ ఒక్కటే నమ్ముకోమని నేను చెప్పను. హైబ్రిడ్‌లు, ఎలక్ట్రిక్ మోటార్ల కంట్రోల్ కూడా నేర్చుకోండి, అక్కడా దాదాపు ఇవే పరికరాలు. మీ నాన్నగారి మాటలోనూ సగం నిజముంది. వందల లాగ్ ఫైళ్లలో నాక్ వచ్చిన క్షణాలు వెతకాలంటే పైథాన్ కావాలి. ఆ కోర్సు చేయండి, చేస్తున్నానని ఆయనకు చెప్పండి. ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి అనుమతి లేకుండా ట్యూనింగ్ షాపులో పనికి వెళ్లకండి, జీతం లేదన్నా సరే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. చదువయ్యాక ఓపీటీ (పనిచేసే అనుమతి) 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ చదివినవారికిచ్చే స్టెమ్ పొడిగింపు మరో 24 నెలలు దొరుకుతాయి, వాటిని పాడుచేసుకోవద్దు. రోడ్డు మీద తిరిగే బండిలో క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, ఉద్గారాల నియంత్రణను ఆపేయడం అక్కడి క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. రేపు ఉద్గారాల ఉద్యోగం అడగబోయే మనిషి రెజ్యూమెలో అలాంటిది ఉండకూడదు.

పంపు చూసి, వరుసగా మూడుసార్లు నడిపిన లాగ్ పంపండి. గాలి ఉష్ణోగ్రత కాలమ్ మర్చిపోవద్దు.