గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పెడల్ అదురుతోంది: ప్యాడ్లు మారిస్తే చాలా, డిస్కులు కూడా మార్చాలా? ఇంట్లో చేసుకోవచ్చా?

ప్యాడ్లు ఒక్కటే మారిస్తే అదురు పోదన్నా. బ్రేకు తొక్కినప్పుడే పెడల్, స్టీరింగ్ రెండూ అదురుతుంటే ముందు చక్రాల డిస్కుల్నే (ప్యాడ్లు పట్టుకునే ఇనుప పళ్లేలు) అనుమానించాలి. కనీస మందం ఎంతో డిస్కు మీదే పోతపోసి ఉంటుంది. మైక్రోమీటరుతో చుట్టూ ఆరేడు చోట్ల కొలవండి. అంతకు తగ్గినా, చోటుచోటుకూ తేడా వచ్చినా రెండుపక్కలా డిస్కులు, ప్యాడ్లు కలిపి మార్చాల్సిందే.

ఇంట్లో చేసుకోవచ్చు. జాకీ మాత్రం కడప బండల మీద నేరుగా పెట్టొద్దు. అడుగున గుల్లగా ఉంటే బండ పగులుతుంది. మందపాటి చెక్క వేసి పెట్టండి, ఎత్తాక స్టాండు తప్పనిసరి. వెనక చక్రాలకు రాళ్లు, హ్యాండ్‌బ్రేకు. నట్లు చక్రం నేలమీద ఉండగానే వదులు చేసుకోవాలి.

విప్పిన క్యాలిపర్‌ను (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) హోసుకు వేలాడనీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టండి. క్యాలిపర్‌లోని పిస్టన్ వెనక్కి నొక్కేముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి. నిండుగా ఉంటే సిరంజితో కొంత లాగేయాలి, లేకుంటే పొంగి పెయింటును తినేస్తుంది. పాత ప్యాడు అడ్డంపెట్టి సీ-క్లాంపుతో నిదానంగా నొక్కండి. పిస్టన్ కదలకపోయినా, రబ్బరు బూటు చిరిగినా అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికి పోండి.

డిస్కు పట్టేసుకుంటే సుత్తితో బాదక్కర్లేదు. చాలా కార్లలో దానికే రెండు మర రంధ్రాలుంటాయి, ఎక్కువగా ఎం8 సైజు. రెండిట్లో బోల్టులు పెట్టి సమంగా బిగిస్తూ పోతే అదే బయటికొస్తుంది.

అసలు పనంతా హబ్ దగ్గరే, అంటే డిస్కు కూర్చునే చోట. దానిమీద తుప్పు పొర మిగిలితే కొత్త డిస్కు వంకరగా కూర్చుంటుంది. అంచు దగ్గర 0.1 మి.మీ. ఊగినా, తిరిగినప్పుడల్లా ఒకేచోట ప్యాడుకు రాసుకుని అక్కడే అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ అదే అదురు. జనం డూప్లికేటు డిస్కు అంటగట్టాడని షాపువాణ్ణి తిట్టుకుంటారు! స్టడ్ల చుట్టూ సందుల్లో కూడా వైర్ బ్రష్షు, ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్దండి. నట్లు కూడా ఎదురెదురుగా, టార్క్ రెంచితో మాన్యువల్లో ఉన్నంతే బిగించాలి.

కొత్త డిస్కు మీది నూనెపూత బ్రేక్ క్లీనరుతో పోవాలి. క్యాలిపర్ జరిగే స్లైడు పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడండి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది.

పెడల్ గట్టిపడేదాకా తొక్కకుండా బండి కదిలించొద్దు, మొదటి తొక్కుడుకు కాలు నేలకంటుతుంది. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకోవడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కి.మీ. నుంచి 10కి ఎనిమిది పదిసార్లు వేగం తగ్గించండి, పూర్తిగా ఆపకుండా. ఈ సర్దుబాటుకు ఘాట్ పనికిరాదు, గువ్వలచెరువు కోవాకు ఇంకోరోజు పోవచ్చు.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటితే అదీ మార్చండి. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155 దాకా దిగొచ్చు. దిగుడులో ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడుతుంది, అందుకే గువ్వలచెరువు మలుపుల్లో రెండో గేరు వదలొద్దు.