వీణ మంచం కింద ఉంది

ప్రశ్న: మాది తెనాలి. నాకు 44 ఏళ్లు. అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక బొబ్బిలి వీణ కొనుక్కుని క్లాసులో చేరాను. ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు వాయించే జంటవరసల దాకా వచ్చాను. ఆడపడుచు కొడుకు పెళ్లి హడావిడిలో ఇరవై రోజులు ఆపాను. అంతే, మళ్లీ కూర్చోలేదు. ఇలా ఆగిపోవడం మూడోసారి. మావారు ‘ఆరంభశూరత్వం’ అని నవ్వుతున్నారు. నాకు పట్టుదల లేదంటారా?

జవాబు: మూడుసార్లు మొదలుపెట్టిన మనిషికి పట్టుదల లేదంటే ఎలాగమ్మా? మీవారిని కాసేపు నవ్వుకోనివ్వండి.

నేను వీణ పట్టింది 47వ ఏట. ఓ సంక్రాంతికి ఊరెళ్లి పన్నెండు రోజులకు తిరిగొచ్చాను. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మీద కాసిన కాయ మెత్తబడిపోయింది. తీగ నొక్కితే కోసుకుపోతున్నట్టుంది. శ్రుతి ఎటో పోయింది, తీగలు బిగించే బిరడలు తిప్పడం నాకు రాదు. మాస్టారిని అడగాలంటే సిగ్గు. రేపు చూద్దాంలే అని గుడ్డ కప్పేశాను. ఆ రేపు రావడానికి ఐదు నెలలు పట్టింది! ఊరికెళ్లి పోగొట్టుకున్నది పన్నెండు రోజులే, మిగతాదంతా ఆ సిగ్గు తినేసింది.

అందుకే ముందు శ్రుతి చేసుకోవడం నేర్చుకోండి. ఈసారి క్లాసుకెళ్లి అదొక్కటే అడగండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకున్నా తప్పులేదు, విద్వాంసులు నన్ను తిడితే తిట్టారు. మొదట్లో నాకు నలభై నిమిషాలు పట్టేది, చెమటలు పట్టేవి.

జంటవరసలు ఇప్పుడే ముట్టుకోకండి. అన్నిటికన్నా తొలి పాఠం, మొదటి సరళీవరస చాలు. అదీ మొదటి కాలం, అంటే నెమ్మదిగా. పైకి ఎనిమిది స్వరాలు, కిందికి ఎనిమిది. అర నిమిషం పని. వారం రోజులు అదే వాయించండి. వేళ్లకు కాస్త కొబ్బరినూనె రాసుకుంటే తీగ మీద జారతాయి. నేను కుక్కర్‌లో పప్పు పెట్టి మూడో విజిల్ లోపు వాయించేదాన్ని. కొన్నాళ్లు అక్కడితోనే సరి. కొన్నాళ్లు పప్పు మాడింది.

వీణను మంచం కింద నుంచి తీసి హాల్లో చాప మీద పెట్టండి.

ఇక పెళ్లిళ్లు మానలేం కదా. వెళ్లేముందే ‘ఫలానా మంగళవారం వస్తానండీ’ అని మీ టీచర్‌కి చెప్పేయండి. నేను అలా చెప్పి, ఒక్క ముక్క సాధన చేయకుండానే వెళ్లిన రోజులున్నాయి. ఓసారి గుమ్మంలోనే సంజాయిషీ మొదలుపెడితే, మాస్టారు తలెత్తకుండా “ముందు శ్రుతిపెట్టె వేయండి” అన్నారు.