టిన్నుకు పట్టిన మాడు ఎలా తీయాలంటే

అమ్మీ,

రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాను. హనీ కేక్ చేసిన టిన్ను అడుగంతా మాడి, మూలల్లో బంకలా కట్టింది, చాకుతో గీకుతున్నానని రాశావు. ముందు ఆ చాకు పక్కన పెట్టు తల్లీ. ఒకసారి గీతలు పడ్డాయంటే తర్వాత చేసే ప్రతి కేకూ ఆ గీతల్లోనే పట్టుకుంటుంది. ముప్పై ఏళ్లు అనంతపురంలో బేకరీ పొయ్యి ముందు నిలబడ్డవాణ్ణి, అలా పాడైన టిన్నులు ఎన్ని చూశానో.

మాడింది చక్కెరా, నూనెనా అన్నది మొదట చూసుకో. చక్కెర మాడు పెళుసుగా, గాజు పెంకులా ఉంటుంది. మరిగిన నీళ్లు పోసి గంటసేపు వదిలేస్తే చాలావరకు అదే కరిగిపోతుంది, సబ్బు కూడా అక్కర్లేదు. నూనె సంగతి వేరు. టిన్ను పైఅంచు దగ్గర, పిండి అందని చోట, నువ్వు పూసిన నూనె ఉత్త వేడికి కాలి కాలి వార్నిష్‌లా గట్టిపడుతుంది. గోరుతో గిల్లి చూడు, తేనె రంగులో జిగటగా తగులుతుంది. అది ఉత్త నీళ్లకు లొంగదు, సోడా కావాల్సిందే.

మూడు చెంచాల వంట సోడాలో ఒక చెంచా నీళ్లు కలిపి, ఆ ముద్దను మాడు మీద మందంగా పూయి. స్టీలు టిన్ను అయితే రాత్రంతా ఉంచి, పొద్దున వేడినీళ్లు పోసి కొబ్బరి పీచుతో రుద్దు. మూలలకు పాత టూత్ బ్రష్, అప్పటికీ కదలకపోతే చెక్క గరిటె అంచు. ఒక్కసారికి పోకపోతే మళ్లీ పూయి గానీ చెయ్యి బలం పెంచొద్దు.

నీది మాత్రం సత్తు టిన్ను, అంటే అల్యూమినియంది. దానికి అరగంట మించి సోడా ఉంచకు. బట్టల సోడా అయితే దగ్గరికే రానివ్వకు. నేను పనిలో చేరిన కొత్తలో, బాగా శుభ్రమవుతాయని డజను సత్తు టిన్నులు రాత్రి బట్టల సోడా నీళ్లలో నానబెట్టాను. పొద్దున చూస్తే నీళ్లలో సన్నటి బుడగలు లేస్తున్నాయి, టిన్నులన్నీ నల్లగా మసిబారి ఉన్నాయి. ఆ సోడా లోహాన్నే తినేస్తుందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. చింతపండు నీళ్లలో ఉడికిస్తే కొంత తెలుపు వచ్చింది గానీ పాత నునుపు రాలేదు.

సోడా మీద వెనిగర్ పోస్తే బుసబుసా పొంగుతుంది కదా, ఆ వీడియోలు నమ్మొద్దు. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి ఉప్పునీళ్లలాంటివి మిగులుతాయి. సోడాతో కడిగేశాక, మన బోరు నీళ్ల తెల్లమరకలు మిగిలితే, అప్పుడు విడిగా నిమ్మచెక్కతో రుద్దు. ఇక్కడి బోరు నీళ్లకు సబ్బు నురగ కూడా సరిగా రాదు, నానబెట్టేదానికైనా క్యాన్ నీళ్లు వాడుకో.

నాన్‌స్టిక్‌కు స్టీలు పీచు తగలకూడదు. గాజు గిన్నె చల్లారకముందే నీళ్లు పోయకు, పగులుతుంది.

మీ అమ్మ దగ్గర నేనిచ్చిన పాత ఇనుప ట్రే ఉంది చూడు, బన్నులు కాల్చేది, దాని నలుపు మాడు కాదమ్మా. ఏళ్ల తరబడి నూనె పట్టి వచ్చిన నలుపు అది, బన్ను అంటుకోకుండా కాపాడేది అదే. దాన్ని సోడాలో నానబెట్టి తెల్లగా చేశావంటే వారంలో తుప్పు పడుతుంది. వేడిగా ఉండగానే గుడ్డతో తుడిచి, చుక్క నూనె రాసి పెట్టెయ్, అంతే.

ఈసారి హనీ కేక్ చేసేటప్పుడు అడుగున బటర్ పేపర్ వేయి, నూనె పిండి వచ్చే ఎత్తు వరకే బ్రష్‌తో పలచగా రాయి. ఫోటోలో ఎడమ మూల మాడు మరీ మందంగా ఉన్నట్టుంది, నువ్వు లాగొద్దు. ఆదివారం వచ్చేటప్పుడు ఆ టిన్ను సంచిలో వేసుకుని రా, ఇద్దరం కూర్చుని తీద్దాం.

మీ మామ