కరెంటు పని నేర్చుకుంటున్న మా అల్లుడికి

అల్లుడూ,

ఐటీఐలో రెండేళ్లు కూర్చోవడం దండగ, మేస్త్రీ వెంట తిరిగితే ఆర్నెల్లలో రోజుకూలీ చేతికొస్తాదని మీ అమ్మతో అన్నావంట. కూలీ వస్తాది, కాదనను. పనీ వస్తాది. కానీ ఇరవై ఏళ్లు చేసినా, నువ్వు వైరింగు చేసిన ఇంటికి ఇంకెవడో వచ్చి సంతకం పెట్టాల్సిందే. రూలు ప్రకారం ఇంటి వైరింగు లైసెన్సున్న కాంట్రాక్టరు చేతిమీదగా జరగాలి, పరీక్ష చేసినట్టు ఆయన కాగితం ఇవ్వాలి. ఆ సంతకం లేనోడు ఉన్నోడి వెనకాల తిరగాల్సిందే.

అందుకే ఐటీఐ మానొద్దు. టెన్త్ మీద ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. తర్వాత ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 30 మందీ అంతకు మించీ పనోళ్లుండే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. రేణిగుంట పక్క, శ్రీసిటీ పక్క ఫ్యాక్టరీల్లో అడుగు. చేరేముందు నీ ఒప్పందం ప్రభుత్వ పోర్టల్లో రిజిస్టరైందా లేదా చూసుకో. కాకపోతే నువ్వు చేసేది ఉత్త హెల్పరు పని. ఆఖర్న పరీక్ష ఉండదు, సర్టిఫికెట్టూ రాదు. స్టైపెండు తక్కువని మొహం మాడ్చుకోకు. వైర్‌మన్ పర్మిట్టు, ఆపైన సూపర్‌వైజరు, ఆపైన కాంట్రాక్టరు లైసెన్సు, ఇవన్నీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేటు చూసుకునే సంగతులు. దేనికి ఏ కాగితాలు కావాలో ఆ ఆఫీసులోనే కనుక్కో. టీ అంగడి కాడ బ్రోకర్లు చెప్పేది చెవిన పెట్టొద్దు.

సెలవుల్లో మాత్రం నా సైటుకు రా. ఐటీఐలో బోర్డు మీద స్విచ్చులు బిగించడం బాగానే నేర్పిస్తారు. స్లాబు పోసే రోజు ఎట్లుంటాదో అక్కడ తెలీదు. కమ్మీ కట్టినాక, కాంక్రీటు పడకముందు మనకు దొరికేది ఒక పూట. ఆ పూటలోనే వైర్లు పోయే పైపులు నడిపి, బైండింగ్ వైరుతో కమ్మీకి కట్టి, ఫ్యాను బాక్సు హుక్కును కమ్మీకి పట్టించి, పైపు మూతులన్నీ మూసేయాలి. కట్టేసి ఇంటికి పోకూడదు. తట్టలు మోసేవాళ్లు వాటిని తొక్కుకుంటానే పోతారు, వైబ్రేటరు తగిలి జాయింటు ఊడుతాది. పోత అయ్యేదాకా నువ్వు పైనే ఉండి, ఊడినది ఊడినట్టే తగిలించాలి. ఒక్క పైపులో సిమెంటు పాలు దిగి గట్టిపడితే, తర్వాత వైరు లాగేదానికి దూర్చే స్ప్రింగు ఎంత తోసినా పోదు; సీలింగు పగలగొట్టాల్సిందే.

ఇంక ఎర్తింగు, అంటే లీకైన కరెంటు నేలలోకి పోయే దారి. మన ఊళ్లో లాడ్జీలు చానా, ప్రతి బాత్రూములో గీజరు. పొద్దున్నే తడి కాళ్లతో దాని కింద నిలబడే యాత్రికుడికి ఎర్తు సరిగ్గా ఉందో లేదో ఏం తెలుసు? గీజరుకు వేరే లైను లాగు, 4 స్క్వేర్ ఎంఎం వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు. లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు, ఎంసీబీ, ఉంది కదా అని ధీమా పడొద్దు. అది వైరు కాలకుండా చూస్తాది గానీ మనిషికి షాకు తగిలితే దానికి పట్టదు. మనిషిని కాపాడేది, కరెంటు కొంచెం లీకైనా లైను ఆపేసే స్విచ్చు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. మన పక్క నేల గరుగు, అడుగున రాయి. ఎర్తు కోసం నేలలో దించే రెండున్నర మీటర్ల జీఐ పైపుకు సగంలో రాయి తగిలితే కొందరు కోసేసి పాతేస్తారు. నువ్వట్ల చేయొద్దు, ఇంకో చోట తవ్వు. రెండు గుంతలు తీసి కలిపినా మేలే. బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోసేదానికి పైన గరాటు పెట్టు.

మెగ్గరు, అంటే వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చూపించే మీటరు, వాడడం మాత్రం బాగా నేర్చుకో. మెయిన్ ఆపి, బల్బులూ సామాన్లూ తీసేసి, స్విచ్చులన్నీ ఆన్‌లో పెట్టి 500 వోల్టుల దగ్గర చూడు. వైర్లకూ ఎర్తుకూ మధ్య ఒక మెగోమ్ కంటే తక్కువ చూపిస్తే కరెంటు ఇవ్వకు. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు లోతట్టు కాలనీల్లో గోడ పైకి ఆరినట్టే ఉండేది. లోపలి తడికి మెగ్గరు ముల్లు మాత్రం లేచేది కాదు. ఇంటోళ్లు తొందరపెడతారు, తిడతారు కూడా. పడాలి.

మనూళ్లో ఒకాయన ఉన్నాడు, పేరెందుకులే. ఇల్లు యాడుందో తెలీకుండానే ఫారాల మీద సంతకాలు పెట్టి కట్టలు కట్టలుగా ఇచ్చేస్తాడు. ఆయన సంతకంతో మీటరొచ్చిన ఒకింట్లో ప్లగ్గు విప్పి చూస్తే, పై పిన్నుకు ఎర్తు వైరే తగిలించలేదు. రేపు నీకు పర్మిట్టు వచ్చినాక నెలకింత ఇస్తాం, నీ పేరు వాడుకుంటాం అని వస్తారు. డబ్బు ఊరికే వచ్చినట్టే ఉంటాది. ఆ ఇంట్లో ఎవరికైనా ఏమన్నా అయితే పోలీసులు ముందు వెతికేది కాగితం మీద ఉన్న పేరును.

నీకు పద్దెనిమిది నిండి, ఏడాదిలో 90 రోజులు సైట్లలో పని చేసినాక భవన నిర్మాణ కార్మికుడిగా కార్డు తీసుకో. 1996 చట్టంతో మొదలైంది, అరవై ఏళ్లదాకా ఉంటాది. తాపీ వాళ్లకే అనుకుంటారు, కరెంటు పనోళ్లకూ ఉంది.

ఐటీఐ దరఖాస్తు పెట్టేముందు ఒక పని చెయ్. టెన్త్ మెమోలో, ఆధార్‌లో నీ పేరు, ఇంటిపేరు, పుట్టినరోజు ఒకే రకంగా ఉన్నాయో లేదో చూడు. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో, పర్మిట్టు దాకా లాక్కుపోతే చానా తిప్పలు. అమ్మను అడిగినానని చెప్పు.

మీ మామ
తిరుపతి