మినరల్ మిక్స్చర్ సంచి ఎక్కడ పెట్టాలన్నది తర్వాత, ముందు దాని లేబుల్ కాపాడండి

మీ ప్రశ్న ఇది: “రెండు గేదెలు, ఒక ఆవు ఉన్నాయి. 25 కిలోల మినరల్ మిక్స్చర్ సంచి తెచ్చాం. ఎలా నిల్వ పెట్టాలి? చేత్తో కలిపితే ప్రమాదమా?”

ఇది పశువుల దాణాలో కలిపే ఖనిజ లవణాల పొడి. పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాముల లెక్కన మీ మూడింటికీ 150 గ్రాములు. అంటే ఆ సంచి ఐదు నెలలు దాటి వస్తుంది. ఒకసారి మూతి విప్పిన సంచి వానాకాలమంతా మీ ఇంట్లోనే ఉంటుందన్న మాట. వచ్చేసారి ఐదు కిలోల ప్యాకెట్లు తెచ్చుకోండి, కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. తెచ్చేశారు కాబట్టి దీని సంగతి చూద్దాం. కానీ తడి, ఎండ, ఎలుకలు ఇవన్నీ నా దృష్టిలో రెండో మాట. ఈ పొడితో వచ్చే పెద్ద ప్రమాదం, లోపల ఏముందో చెప్పే కాగితం పోవడం వల్లే వస్తుంది.

మాది కనిగిరి వైపు పల్లె. మేం గేదెలు పెట్టుకున్నాం, మా వెనక వీధి అన్నకు గొర్రెల మంద ఉంది. ఒక ఏడాది మేత కరువొచ్చి జీవాలు చిక్కిపోతుంటే, బలానికి ఏదైనా ఇవ్వమని ఆయన టౌనులో దాణా కొట్టుకు వెళ్లాడు. కొట్టువాళ్లు పెద్ద సంచుల్లోంచి పొడిని తెల్ల బియ్యం సంచుల్లోకి తోడి చిల్లరగా అమ్ముతారు. ఆ సంచి మీద సన్నబియ్యం బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేదు. “జీవాలకు పెట్టొచ్చా?” అని ఆయన అడిగాడు కూడా. “బర్రెలకైనా జీవాలకైనా ఒకటే అన్నా, గుప్పెడు గుప్పెడు తవుడులో కలుపు” అన్నారు.

కొన్ని వారాలు బాగానే ఉంది. మంద మెరుస్తోందని అన్న సంతోషపడ్డాడు. ఆ తర్వాత గట్టి వాన పడిన రోజున మందను దూరపు బీడుకు తోలుకెళ్లి తడుపుకుంటూ తీసుకొచ్చారు. మర్నాడు పొద్దున రెండు గొర్రెలు మూలకు నిలబడి తల వేలాడేశాయి. మేత ముట్టలేదు. కంటి రెప్ప తిప్పి చూస్తే పసుపు, చిగుళ్లు పసుపు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. ఊళ్లో అందరూ కామెర్లన్నారు, పసరు పోయమన్నారు. సాయంత్రానికి రెండూ పోయాయి, తెల్లారేసరికి ఇంకొన్ని అదే దారి పట్టాయి.

పశువుల డాక్టరు గారు వచ్చి చచ్చిన గొర్రెను కోయించారు. నేను పక్కనే ఉన్నాను. కొవ్వు మొత్తం పసుపు. మూత్రపిండాలు నల్లగా, నీలం మెరుపుతో ఉన్నాయి. ఆయన వాటిని చూడగానే కత్తి పక్కన పెట్టి, “వీటికి ఏం పొడి పెడుతున్నారు?” అని అడిగారు. అన్న పరుగున వెళ్లి తెల్ల సంచి తెచ్చాడు. డాక్టరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు, చదవడానికి ఏమీ లేదు. ఆయన పొడిని అరచేతిలో పరిచి అందులో నీలం రవ్వలు చూపించారు. మైలుతుత్తం. అంటే రాగి లవణం.

మా గేదెల సంచికి కంపెనీ లేబుల్ ఉంది కాబట్టి దాన్ని తెచ్చి లెక్కేశాం. కిలోకు 1200 మిల్లీగ్రాముల రాగి అని రాసి ఉంది. ఆ పొడీ ఇలాంటిదే అయితే 50 గ్రాముల గుప్పెట్లో 60 మిల్లీగ్రాములు. గొర్రెకు రోజు మొత్తంలో కావలసింది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఆవు, గేదె ఎక్కువైన రాగిని చాలావరకు తట్టుకుంటాయి. గొర్రె కాలేయం మాత్రం దాన్ని బయటికి పంపలేక వారాల తరబడి పోగేసుకుంటుంది. పైకి ఏ లక్షణమూ కనపడదు. దూరం నడకో, వానో, మేత మార్పో తగిలిన రోజున ఆ రాగి ఒక్కసారిగా రక్తంలోకి దిగి ఎర్ర కణాలను పగలగొడుతుంది. అందుకే మూత్రం ఆ రంగులో వస్తుంది. డాక్టరు గారు పొడి ఆపించి, మిగిలిన మందకు అమ్మోనియం మాలిబ్డేట్, సోడియం థయోసల్ఫేట్ తాగించారు. అలా చాలావరకు నిలిచాయి. పోయినవి మాత్రం సూడి గొర్రెలు, ఆ ఇంటికి ఏడాది ఆదాయం. అన్న కూతురు కాలేజీ ఫీజు ఆ మందలోంచే రావాల్సింది.

ఇలా చిల్లరగా తోడి అమ్మే పద్ధతి మీద నాకు ఒళ్లు మండుతుంది. అరకిలో కందిపప్పు ప్యాకెట్ మీద కూడా తేదీ, బరువు వేస్తున్నారు. రాగి, జింకు, కోబాల్టు కలిసిన పొడిని పేరు కూడా లేకుండా అమ్మడం ఏమిటి? ఇంకో సంగతి కూడా ఉంది. ఎరువులూ దాణా ఒకే కొట్లో అమ్మే చోట డీసీపీ అడిగితే డీఏపీ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. మొదటిది పశువు తినే కాల్షియం, భాస్వరం. రెండోది పొలానికి వేసే ఎరువు. రెండూ గింజల్లాగానో పొడిలాగానో ఉంటాయి, సంచి మారితే కంటికి తేడా తెలియదు. జింక్ సల్ఫేట్‌దీ ఇదే గొడవ. వరికి వేసేది చవక కదా అని దాణాలో కలిపేవాళ్లను చూశాను. పొలానికని చేసిన దాంట్లో సీసం, కాడ్మియం ఉండొచ్చు, దాన్ని మేతగా ఎవరూ పరీక్షించరు. శుద్ధి చెయ్యని రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉండే రాయి పొడి) కలిపిన చవకరకం పొడులైతే మా వైపు మరీ వద్దు. అందులో ఫ్లోరిన్ ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు ఏం చేస్తాయో కనిగిరి వాళ్లకూ నల్గొండ వాళ్లకూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక ఫోన్లలో తిరిగే వీడియోలు. “మినరల్ మిక్స్చర్ ఇంట్లోనే సగం ధరకు” అంటారు. అందులో వేసే సెలీనియం లవణం, సోడియం సెలెనైట్‌ను వంటింటి త్రాసులో తూస్తారా? 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో 21 పోలో గుర్రాలు వరసగా కూలిపోయాయి. వాటికి కలిపి ఇచ్చిన సప్లిమెంటులో సెలీనియం మోతాదు తప్పింది. మందులు తయారుచేసే ఫార్మసీలోనే అలా జరిగింది. మన పశువుల పాకలో ఆ పని అసలు పెట్టుకోకూడదు.

సరే, మీ సంచి. దాన్ని వేరే దాంట్లో ఒంపకండి. సంచిని సంచిలాగే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో దించి, వాడాక మూతి మడిచి తాడుతో కట్టండి. డ్రమ్ము చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. పశువుల పాకలో పెట్టొద్దు, అక్కడి తేమకు గడ్డ కడుతుంది. రేకుల కప్పు కింద వేడి కూడా మంచిది కాదు, ముఖ్యంగా విటమిన్లు కలిసిన రకమైతే. రాగి, ఇనుము లవణాల పక్కన విటమిన్ ఏ ఎలాగూ నెమ్మదిగా చస్తుంది, వేడి, తేమ తోడైతే ఇంకా తొందరగా పోతుంది. అయోడిన్ కూడా అంతే, పొటాషియం అయోడైడ్ వాడిన పొడిలోంచి తేమకు, వెలుతురుకు ఎగిరిపోతుంది. మన ఉప్పులో అయోడేట్ వాడేది అందుకే. పురుగుమందులు, ఎరువులు ఉన్న గది అయితే ఆ ఆలోచనే మానుకోండి.

తోడటానికి ఇనప గరిట వద్దు, మైలుతుత్తం ఇనుమును తింటుంది. పొడిగా ఉన్న ప్లాస్టిక్ గిన్నె చాలు, 50 గ్రాములు ఎక్కడికి వస్తాయో ఒకసారి తూచి గీత పెట్టుకోండి. చేత్తో కలపొచ్చు, కానీ తడి చెయ్యి, గాయమున్న చెయ్యి వద్దు. చేతికి గ్లౌజు, ముక్కుకు మాస్కు ఉండాలి. గాలికి ఎదురుగా నిలబడకండి. దుమ్ము కంట్లో పడితే నలపకుండా పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి, మంట తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. గంప దాణా మీద ఒక్కసారే చల్లొద్దు. ముందు రెండు గుప్పెళ్ల తవుడులో బాగా కలిపి, దాన్ని మిగతా దాణాలో కలపండి. లేకపోతే ఒక గేదెకు మొత్తం, ఇంకోదానికి ఏమీ లేకుండా పోతుంది. గడ్డలు కట్టిన పొడిని సుత్తితో కొట్టి వాడేవాళ్లున్నారు. వద్దు, ఏ గడ్డలో ఏది పోగైందో చెప్పలేం. పాడైన పొడిని కుంటలో కడగకండి, రాగి చేపలకు విషం.

మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ గొర్రెలుంటే డ్రమ్ము మీద పెద్ద అక్షరాలతో “గొర్రెలకు పెట్టకూడదు” అని రాయండి. పాలేరు ఒక రోజు మీకు తెలియకుండా తోడి వేసేస్తాడు. గొర్రెలకు వేరే మిశ్రమం దొరుకుతుంది, అది డాక్టరును అడిగి తెచ్చుకోవాలి.

మీ సంచి లేబుల్‌ను ఫోన్లో ఫోటో తీసి ఉంచుకోండి. రాగి ఎంతో, సెలీనియం ఉందో లేదో, తయారీ తేదీ ఎప్పటిదో కింద రాయండి, మిగతాది చూసి చెబుతాను. లేబుల్ లేని సంచి అయితే విప్పకుండా కొట్టుకు తిరిగి ఇచ్చేయండి.