టీఎన్‌టీ మందుగుండేనా?

సందేహం: మొదటి ప్రపంచ యుద్ధం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో వచ్చే టీఎన్‌టీని (ట్రైనైట్రోటాలుయీన్ అనే పేలే రసాయనాన్ని) ‘మందుగుండు’ అనవచ్చా? ‘పేలుడు’ కన్నా ‘విస్ఫోటనం’ మంచి మాట అని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: ‘మందుగుండు’ అనకండి. మందూ గుండూ కలిసిన ద్వంద్వ సమాసం అది. మందు అంటే తుపాకిమందు. అది భగ్గున అంటుకుని గుండును ముందుకు తోస్తుంది. టీఎన్‌టీ చేసే పని వేరు. ఫిరంగి గుండు లోపల ఉండి, ఆ గుండునే ముక్కలు చేస్తుంది. ‘పేలుడు పదార్థం’ అంటే సరిపోతుంది. తూటాలు, గుండ్లు అన్నీ కలిపి చెప్పేటప్పుడు ‘మందుగుండు సామగ్రి’ అనడంలో తప్పు లేదు.

క్రియ దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ‘నిప్పు తగలగానే టీఎన్‌టీ పేలింది’ అని రాసేస్తుంటారు. కొద్దిపాటి టీఎన్‌టీ ఆరుబయట అంటుకుంటే నల్లటి పొగతో కాలుతుందంతే. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కనుక ఆవిరితో కరిగించి గుండ్లలో, బాంబుల్లో పోసేవారు. సైన్యాలకు అది నచ్చడానికి ముఖ్య కారణం ఇదే. దాన్ని పేల్చడానికి డిటోనేటర్ (పేలుడును మొదలుపెట్టే చిన్న సాధనం) ఇచ్చే దెబ్బ కావాలి. అలాగని నిప్పుతో ప్రమాదం లేదనుకోకూడదు. పెద్ద మొత్తంలో ఉంటే మంట పేలుడుగా మారవచ్చు. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో టీఎన్‌టీ, పిక్రిక్ ఆమ్లం వంటి పేలుడు పదార్థాలు మోస్తున్న ఓడకు నిప్పంటుకుంది. అది పేలి సుమారు 1,800 మంది చనిపోయారు. అందుకని ‘కాలింది’, ‘పేలింది’ ఒకదాని బదులు ఒకటి వాడకండి.

ఇక ‘విస్ఫోటనం’. ‘స్ఫుట్’ అంటే పగలడం. మశూచికి ‘స్ఫోటకం’ అనే పేరు వచ్చింది కూడా ఈ ధాతువు నుంచే. మన ‘పేలు’ కూడా అదే దారిలో నడిచింది, ‘ఒళ్లంతా పేలింది’ అంటాం కదా! రెండూ మంచి మాటలే. అగ్నిపర్వతానికి విస్ఫోటనం బాగుంటుంది, గుండుకు నాకైతే పేలుడే ఇష్టం.

మీ వ్యాసంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల స్త్రీల ప్రస్తావన ఉంటే ఒక మాట. టీఎన్‌టీ తగిలీ తగిలీ వాళ్ల చర్మం పసుపు రంగుకు తిరిగింది. కొందరికి కాలేయం చెడి ప్రాణాలే పోయాయి. అక్కడ ‘పసుపు వర్ణం సంతరించుకుంది’ అని అలంకరించకండి. ‘ఒళ్లు పచ్చబడింది’ అనండి. పచ్చకామెర్లు తెలిసిన మన పాఠకుడికి ఆ బాధ వెంటనే అందుతుంది.