కడిగిన కారుకు ఆఖరున పోసే నీళ్ళే ముఖ్యం

మీరు అడిగిన ప్రశ్న ఇది: "మాది భీమవరం దగ్గర. కారు కడిగిన తర్వాత గీతలు పడకుండా, తెల్ల మరకలు మిగలకుండా ఆరబెట్టాలంటే ఏ గుడ్డ వాడాలి?" మీ ప్రాంతంలో ఉండేవారు గుడ్డ కంటే ముందు నీళ్ళ గురించి అడగాలని నా గట్టి నమ్మకం. ఎంత ఖరీదైన గుడ్డ కొన్నా, ఆఖరిసారి కారు మీద పోసినవి బోరు నీళ్ళయితే మరకలు తప్పవు. ఆఖరున పోసినవి మంచినీళ్ళయి, వాటిని పోసే పద్ధతి కూడా తెలిస్తే, గుడ్డకు మిగిలే పని చాలా కొద్ది. ఆ పని తగ్గిన మేరకు గీతలూ తగ్గుతాయి.

మరక అంటే నీరు ఆవిరైపోయాక మిగిలిన లవణం, సున్నం. తాగే నీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చుననీ, వేరే నీటివనరు లేనప్పుడు 2000 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఆ పై హద్దులో ఉన్న నీరు ఒక్క లీటరు కారు మీదే ఆరిపోయిందంటే రెండు గ్రాముల పదార్థం రంగు మీద కూర్చున్నట్టే. మన డెల్టాలో సముద్రానికి దగ్గరైన ఊళ్ళలోనూ, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊళ్ళలోనూ బోరు నీరు నోట పెట్టుకోలేనంత ఉప్పగా ఉండటం మనకు కొత్త కాదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి మన తాతలు కాలువ నీటికి అలవాటుపడ్డారు. కారు కడిగే విషయంలో మాత్రం మనం స్విచ్ నొక్కితే వచ్చే బోరు నీటికే అలవాటుపడ్డాం. వేసవిలో కాలువలు కట్టేశాక ఇక వేరే దారే ఉండదు.

ఆ నీరు ఎంత పని చేయగలదో మా మేనల్లుడి పెళ్ళిలో కళ్ళారా చూశాను. వైశాఖ మాసం, ఉండి అనే ఊరు దాటాక చెరువుల మధ్య ఉన్న పల్లె. వాడిది నల్లని కారు. పూల అలంకరణ చేసేవాళ్ళు మధ్యాహ్నం మూడింటికి వస్తామన్నారని, పెళ్ళికూతురి తమ్ముడు ఎంతో శ్రద్ధగా, ఎవరూ చెప్పకుండానే, పదకొండు గంటలవేళ కారును విడిది ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద నిలబెట్టి, బోరు మోటారుకు గొట్టం తగిలించి కడగడం మొదలుపెట్టాడు. నీడ లేదు. కుడివైపు తలుపుల మీద నురుగు కడిగేలోపు పైకప్పు ఆరిపోయింది. పైకప్పును మళ్ళీ తడిపేలోపు బానెట్ ఆరిపోయింది. నేను లోపలి నుంచి వచ్చేసరికి కారంతా తెల్లటి వలయాలు, ఒక్కొక్క బొట్టు ఎక్కడ నిలబడిందో అక్కడ దాని అంచు గీసినట్టు ఉన్నాయి.

"బాబాయి గారూ, గంధం పూసినట్టుందేంటండీ, ఎంత తుడిచినా పోదేంటండీ?" అని ఆ అబ్బాయి నన్నే అడిగాడు. అప్పటికే అతని చేతిలో పెట్టుబడి బట్టల్లోంచి తీసిన కొత్త తువ్వాలు ఉంది. ఉతకని తువ్వాలు, గంజితో బిరుసుగా ఉన్నది, అంచు దారాలు గట్టిగా కుట్టినది. పొడిబారిన రంగు మీద, ఎండిన ఉప్పు మీద, బలమంతా ఉపయోగించి గుండ్రంగా రుద్దుతున్నాడు. ఎండకు ఎదురుగా నిలబడి చూస్తే బానెట్ నిండా సన్నని గుండ్రటి గీతలు మెరుస్తున్నాయి. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పొర మందం సాధారణంగా నలభై, యాభై మైక్రాన్లు, అంటే ఇంచుమించు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఆ కాస్త పొర మీదే మనం మన పట్టుదల చూపిస్తున్నామని చాలామందికి తెలియదు.

"ఇక చెయ్యి వెయ్యకు బాబూ" అని అతన్ని ఆపి, కారును వంటల కోసం వేసిన పందిరి నీడలోకి తీయించాను. బానెట్ మీద అరచేయి ఆనించి వేడి తగ్గిందని తెలిసేదాకా ఆగాం. తాగడానికి తెప్పించిన ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులలో ఒకటి అడిగి తీసుకుని, పైకప్పు నుంచి కిందికి చెంబుతో నెమ్మదిగా పోయించాను. ఉప్పు మంచినీటిలో కరుగుతుంది కాబట్టి సగం తెలుపు అక్కడే పోయింది. మిగిలినది సున్నం. అది నీటికి లొంగదు, ఆమ్లానికి లొంగుతుంది. వంటవాళ్ళ దగ్గర మంచూరియా కోసం తెచ్చిన తెల్ల వినెగర్ ఉంటే, దానిలో సమానంగా మంచినీళ్ళు కలిపి, నా కారు డిక్కీలో ఎప్పుడూ ఉండే మైక్రోఫైబర్ గుడ్డను, అంటే చాలా సన్నని కృత్రిమ పోగులతో చేసిన మెత్తని గుడ్డను, అందులో తడిపి, రుద్దకుండా, మరకల మీద ఒక నిమిషం పరిచి ఉంచి తీశాను. వెంటనే మళ్ళీ మంచినీళ్ళు పోశాం. పైకప్పు, తలుపులు శుభ్రపడ్డాయి. బానెట్ ముందు భాగం ఇంజను వేడి ఎక్కువ తగిలే చోటు కనుక అక్కడ కొన్ని వలయాలు లేతగా ఉండిపోయాయి. తువ్వాలు గీతలకు మాత్రం అక్కడ మందు లేదు. అవి పోవాలంటే పాలిష్ పట్టించాలి, పాలిష్ అంటే ఆ పై పొరలోనే కొంత అరగదీయడం. పూలదండలు ఆ గీతలను ఆ సాయంత్రానికి కప్పాయి, అంతే.

వినెగర్‌ను ఎండలో, వేడి రేకు మీద ఎన్నడూ వాడకండి, ఎక్కువసేపు ఉంచకండి. నీటిలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, ఉండి దాని మరక గట్టిపడితే వినెగర్‌కు కూడా అది కరగదు. అందుకే మరకను తీయడం కంటే రానివ్వకపోవడం మీదే నా శ్రద్ధంతా.

ఇక పద్ధతి. సూర్యోదయానికి ముందు గాని, పొద్దు వాలాక గాని, నీడలో కడగండి. మన గాలిలో తేమ ఎక్కువని అందరూ విసుక్కుంటారు గాని, ఈ పనికి ఆ తేమే మనకు మేలు చేస్తుంది. సాయంత్రం పూట నీరు అంత త్వరగా ఆరదు, మీకు వ్యవధి దొరుకుతుంది. బోరు నీటితో మట్టి వదిలించి, షాంపూతో కడిగి, నురుగు పోగొట్టండి, తప్పు లేదు. కానీ పని పూర్తయ్యేదాకా కారులో ఏ భాగమూ ఆరకుండా తడుపుతూనే ఉండాలి. ఆఖరున ఒక టిన్ను ఆర్‌ఓ నీళ్ళు, లేదా పట్టి ఉంచిన వాన నీళ్ళు, లేదా ఇంట్లో ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు పలుచని గుడ్డలో వడగట్టి పోయండి. ఏసీ నీరు గాలిలోని తేమ చల్లబడి కారిన నీరు కనుక దానిలో లవణాలు దాదాపు ఉండవు. మన కోస్తా ఉక్కపోతలో బకెట్టు నిండటానికి ఎంతోసేపు పట్టదు, అయినా ఇళ్ళన్నింటిలోనూ ఆ నీటిని గోడ పక్కన పారబోస్తుంటే నాకు బాధ కలుగుతుంది. నీటిని చిమ్మకండి. చెంబును రేకుకు దగ్గరగా పట్టి పైకప్పు నుంచి నెమ్మదిగా వదిలితే, నీరు విడివిడి బొట్లుగా నిలవకుండా ఒకే పొరగా జారి, తనతో పాటు మిగతా బొట్లను కూడా లాక్కుపోతుంది. చాలా భాగం ఆరబెట్టడం ఇక్కడే అయిపోతుంది.

మిగిలిన తడికి గుడ్డ. పెద్దదైన, మందమైన, పొడవు పోగులున్న మైక్రోఫైబర్ తువ్వాలును పైకప్పు మీద పరిచి, అరచేతితో అద్ది ఎత్తండి, లేదా రెండు కొసలు పట్టుకుని దాని బరువుతోనే మీ వైపుకు నెమ్మదిగా లాగండి. రుద్దవద్దు, గుండ్రంగా అసలే వద్దు. పైనుంచి కిందికి రండి; చక్రాల దగ్గరి కింది అంచులకు వేరే గుడ్డ వాడండి, ఎందుకంటే అక్కడ ఎంత కడిగినా ఇసుక మిగులుతుంది. అద్దాల తొడుగులు, తలుపు పిడులు, వెనుక దీపాల సందులు, పెట్రోలు మూత లోపల దాగిన నీరు మీరు లోపలికి వెళ్ళాక తీరిగ్గా కారి చారలు కడుతుంది. కంప్యూటర్ల దుమ్ము ఊదడానికి హార్డ్‌వేర్ దుకాణాల్లో అమ్మే చిన్న కరెంటు బ్లోయర్‌తో ఆ సందులను ముందే ఊదితే సరిపోతుంది. పంక్చరు దుకాణంలోని కంప్రెసర్ గాలి మాత్రం వద్దు, దానిలో నూనె తుంపర రావచ్చు.

గీతల సంగతికి వస్తే, మన ప్రాంతంలో అసలు నేరం ఊక బూడిదది. రైసుమిల్లుల బాయిలర్లలో కాల్చిన ఊక నుంచి ఎగిరి వచ్చే ఆ నల్లటి నలుసులు మెత్తగా కనబడతాయి గాని, ఊక బూడిదలో సాధారణంగా 85 శాతానికి పైగా సిలికాయే, అంటే ఇసుకలో ముఖ్యంగా ఉండే పదార్థమే. చలికాలం పొగమంచులో అది కారు మీద తడిగా అతుక్కుంటుంది. తెల్లవారగానే ఆ మంచు తడిని చూసి, కారు దానంతటదే కడిగినట్టయిందని, పాత బనీను ముక్కతో తుడిచేసే డ్రైవర్లను, యజమానులను ఊరూరా చూస్తాను. కడిగిన కారును తుడవడం వల్ల పడే గీతల కంటే కడగని కారును ఇలా తుడవడం వల్ల పడే గీతలే ఎక్కువని నేను ఖచ్చితంగా చెప్పగలను. ముందు ధారాళంగా నీళ్ళు పోయకుండా గుడ్డ ముట్టుకోకండి.

సర్వీసింగ్ సెంటర్ల మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. ముందు వచ్చిన ట్రాక్టరుకో, చేపల లోడు వ్యానుకో వాడిన గుడ్డనే అదే బకెట్టులో ముంచి మన కారుకు వాడటం నేను చాలాచోట్ల చూశాను. పసుపు రంగులో, తడిపితే మెత్తబడే నున్నని గుడ్డ అక్కడ ప్రతి చేతిలోనూ ఉంటుంది. దానికి పోగులు లేవు కనుక నలుసు లోపలికి దిగడానికి చోటుండదు, గుడ్డకూ రంగుకూ మధ్యే నలుగుతుంది. గచ్చు తుడిచే రబ్బరు వైపరుతో బానెట్ మీది నీరు లాగడం మరీ అన్యాయం. మీ గుడ్డ మీరే తీసుకెళ్ళండి. వాళ్ళు నొచ్చుకున్నా ఫరవాలేదు.

మైక్రోఫైబర్ గుడ్డకు ఉన్న చీటీని మొదటిరోజే కత్తిరించండి, గట్టి కుట్టు అంచు ఉంటే అది రంగుకు రాసుకోకుండా చూసుకోండి. నూలు బట్టలతో కలిపి ఉతకవద్దు, నూలు పీచు దానిని పట్టుకుంటుంది. బట్టలు మెత్తబడటానికి వేసే సువాసన ద్రావకం వేస్తే పోగులు నీరు పీల్చడం మానేస్తాయి. పిట్టగోడ మీద ఆరేయకండి, నీడలో తీగ మీద ఆరేయండి. చేతిలోంచి నేల మీద పడిన గుడ్డను ఉతికేదాకా మళ్ళీ కారుకు తాకించవద్దు.

పై భాగమంతా ఆరాక తలుపులు, డిక్కీ తెరిచి అంచులు అద్దండి. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోతే లోపల నిలిచిన నీటికి మన ఉప్పు గాలి తోడై తుప్పు పడుతుంది, వాటిని పుల్లతో తెరవండి. ఆ తర్వాత వీధి చివరిదాకా నెమ్మదిగా నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు తేలికగా నొక్కి డిస్కుల తడి పోగొట్టండి. తడి బ్రేకులతో తెచ్చి హ్యాండ్‌బ్రేకు లాగి రాత్రంతా వదిలేస్తే పొద్దున చక్రాలు పట్టేసే అవకాశం ఉంది కనుక, చదునైన చోట గేరులో ఉంచి, చక్రానికి రాయి ఆనించి దిగండి.